అంటు కింది ఆకు

నవంబరు 4

ఈ రోజు సారు (నా పరిశోధనకి గైడు) నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. రాసి పెట్టుకోకపోతే రేపటికి నాకే నమ్మకం ఉండదు.

ఏడో వరసలోని పదకొండు తీగలూ ఒకటే. పదకొండు పేర్లు, పదకొండు రేకు బిళ్ళలు, లోపల ఉన్నది మాత్రం ఒక్కటే ద్రాక్ష. ఏ మార్కరు చూసినా అవే కొలతలు. పైగా ఆ కొలతలు మా తోటలో ఇంకెక్కడా లేవు. సారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఇది మామూలు రకం కాదమ్మా. ఎప్పటిదో పాతది. దేశాలు తిరిగి, చోటుకో పేరు పెట్టించుకుని మన దగ్గరికి చేరింది" అన్నారు. తరవాత "మన పేపరు" అని, ఆగి, "నీ పేపరు" అని దిద్దుకున్నారు.

మెషీన్ అక్క (కొలతలు తీసే యంత్రం ఆవిడ చేతిలోనే ఉంటుంది, అందుకే ఆ పేరు) నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏమే, ఇక మాతో మాట్లాడతావా, సెక్రెటరీ ద్వారా కబురు పంపాలా?"

ఇంటికి ఫోన్ చేశాను. నాన్న గోడకు రంగు వేస్తూ నిచ్చెన మీద ఉన్నారట, దిగి మాట్లాడారు.

"అంటే ఏంటమ్మా, ఒకే మనిషి పదకొండు పేర్లు పెట్టుకుని తిరిగాడా? వాడి మీద కేసు పెట్టాల్సిందే!"

ఎలా తెలిసిందని అడిగితే నాకు తోచినట్టు చెప్పాను. పాత రికార్డు ఒక చోట ఇరుక్కుని అదే ముక్క మళ్ళీ మళ్ళీ పాడినట్టు, డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఒక పొడవు తల్లి నుంచి, ఒక పొడవు తండ్రి నుంచి. అలాంటి చోట్లనే మార్కర్లంటాం. అవి కొన్ని తీసుకుని కొలిస్తే ఏ తీగ ఎవరికేమవుతుందో బయటపడుతుంది.

అమ్మ ఫోన్ లాక్కుంది. "మనుషులకీ చేస్తారా? మీ మేనత్తకి చేయించు. ఆ నోరు మన ఇళ్ళల్లో ఎవరికీ లేదు."

నవంబరు 12

మీటింగ్. పెద్దసారు (మా తోటకీ ల్యాబుకీ అందరికంటే పైవారు) ఏడో వరస వైపు కొత్త గిడ్డంగి కట్టాలంటున్నారు. చోటు లేదు. నా పట్టిక చూపించగానే ఆయన ముఖం వెలిగింది. "ఒక్కటే అయినప్పుడు పదకొండు ఎందుకు? ఒకటి ఉంచండి, పది పీకేయండి. ఈ చలికాలంలోనే అయిపోవాలి."

తోట మేస్త్రీ వెనక నుంచి అందుకున్నాడు. "నేను ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నా సార్, అన్నీ ఒకటే పులుపని. నా మాట ఎవరు విన్నారు?"

అనుభవం ఉన్న మనిషి కూడా అదే అంటున్నాడంటే నా పని ఎంత కచ్చితంగా ఉందో!

నవంబరు 13

పది తీగలు. కొన్ని నాకంటే పెద్దవి. కానీ నకళ్ళే కదా.

నవంబరు 21

ఇక్కడే శాశ్వత ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోందట. పేపరు అచ్చయితే నా పేరే ముందుంటుందని సారు అన్నారు. నాన్నకి చెప్పకుండా ఉండాల్సింది. సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. పక్కింటి పెద్దావిడ ఫోన్ తీసుకుని, "డాక్టరమ్మా, మోకాలు పట్టేసింది, ఏ బిళ్ళ వేసుకోమంటావు?" అంది. "నేను ద్రాక్ష డాక్టర్నండి" అన్నాను. "పోనీ ద్రాక్షే చెప్పు, ఎన్ని తినమంటావు?" అంది.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. నాన్న గొంతులో ఆ సంతోషం విన్నాక ఇంకేదీ చెవికి ఎక్కడం లేదు.

డిసెంబరు 1

మెషీన్ అక్క పరుగున వచ్చింది. "పిల్లా, నీ పదకొండు మందికి పన్నెండో వాడు దొరికాడు!"

నర్సరీ వాళ్ళు పంపిన నమూనాలు నడుపుతోందట. అందులో ఒకటి నా పదకొండుతో ప్రతి మార్కరు దగ్గరా కలిసింది. ఎగిరి గంతేశాను. ఏ రకమో చూడమన్నాను. అక్క సీసా తిప్పి చదివింది. చదివి సీసా నా చేతికిచ్చింది.

అది పండ్ల తీగ కాదు, వేరుమొక్క. మా తోటలో ప్రతి పండ్ల తీగనీ దాని మీదే అంటు కడతారు, నేలలోని పురుగు వేళ్ళు కొరకకుండా. మోకాలి కింద అది, పైన ఇది. దాని కాయ పిట్టలు కూడా ముట్టవు.

నర్సరీ వాళ్ళు సీసాలు తారుమారు చేసి ఉంటారు.

డిసెంబరు 2

సీసాలే తారుమారయ్యాయి. అక్కడ అంతా కంగాళీ అని అందరూ అంటారు.

డిసెంబరు 5

పేపరు సగం రాశాను. పట్టిక చూడముచ్చటగా వచ్చింది. పదకొండు వరసల్లో ఒకే అంకెలు, పైనుంచి కిందికి దువ్వినట్టు. నర్సరీ సంగతి ఇందులో రాయాల్సిన పని లేదు. అది వేరే పని.

డిసెంబరు 9

అడగకుండానే మెషీన్ అక్క కొత్త నమూనా తెప్పించి మళ్ళీ నడిపింది. మళ్ళీ కలిసింది.

"పోలిక ఉంటుందిలే అక్కా" అన్నాను.

"పోలికంటే అన్నాచెల్లెళ్ళకి ఉండేది. ఇది అద్దంలో చూసుకున్నట్టుందే."

నాకు తలనొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను. నిజంగానే తలనొప్పి వచ్చింది.

డిసెంబరు 10

పొద్దున్నే ల్యాబుకి వెళ్ళి, ఎండబెట్టి దాచిన ఆకుల కవర్లు తీశాను. ఆరో వరస ఆకు తిప్పి చూశాను. అడుగున పల్చటి నూగు, దూది అద్దినట్టు. ఐదో వరస ఆకుకీ ఉంది, కొంచెం తక్కువగా. తరవాత ఏడో వరస కవరు విప్పాను. నున్నగా ఉంది. రెండోది కూడా. మూడోది విప్పే ముందు చెయ్యి కడుక్కుని వచ్చాను, ఎందుకో తెలీదు. అదీ నున్నగానే.

పదకొండూ నున్నగానే, వేరుమొక్క ఆకులాగే. అన్నీ ఒకే ఆకారం, ఒకే పంటి అంచు. ఆకు లోపల ఏముందో చూడడానికి అంత యంత్రం వాడాను గానీ, ఆకుని ఆకుగా ఒక్కసారీ చూడలేదు.

మొన్నటి వసంతం ఇప్పుడు గుర్తొస్తోంది. నేను ఆకులు కోయడానికి వెళ్ళే ముందు వారం వడగళ్ళ వాన పడింది. ఏడో వరస గాలివాటున అంచున ఉంది, పైన చిగుళ్ళన్నీ రాలిపోయాయి. లేత ఆకైతే డీఎన్‌ఏ బాగా వస్తుందని సారు చెప్పారు. వెతికితే మొదలు దగ్గర, నేలకి జానెడు ఎత్తున, నిగనిగలాడే పిలకలు కనిపించాయి. నిచ్చెన అక్కర్లేకుండా దొరికాయని సంతోషించాను కూడా.

తోటకి వెళ్ళి చూశాను. మొదటి తీగ ముందు గొంతుక్కూర్చున్నాను. అంటు కట్టిన చోట పిడికిలంత బుడిపె. నేను ఆకు తుంచిన పిలకలు ఎండిపోయి ఇంకా అలాగే ఉన్నాయి.

అన్నీ బుడిపె కిందే.

నేను పదకొండు ద్రాక్ష రకాలని పరీక్షించలేదు. ఒకే వేరుమొక్కని పదకొండుసార్లు పరీక్షించాను. పైన ఏమున్నాయో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.

డిసెంబరు 11

సారుకి చెప్పాలి. రేపు చెప్తాను. ఇవాళ ఆయన హడావిడిలో ఉన్నారు.

(హడావిడిలో ఏమీ లేరు. మధ్యాహ్నం కారిడార్‌లో నిలబడి నారింజ పండు ఒలుచుకుంటున్నారు. నాకు రెండు తొనలు ఇచ్చారు. తిన్నాను.)

డిసెంబరు 12

చేతులు ఇంకా మట్టి వాసన వస్తున్నాయి.

పొద్దున ల్యాబు కిటికీ దగ్గర నిలబడి ఎలా మొదలుపెట్టాలా అని వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఇంజను చప్పుడైంది. తవ్వే బండి ఖాళీగా దొరికిందని మేస్త్రీ ముందే రప్పించాడట. పరుగెత్తాను. అప్పటికే నాలుగు తీగలు వేళ్ళతో సహా పైకొచ్చి పక్కకి పడున్నాయి. ఐదోదాని మొదట్లో బండి పళ్ళు దిగుతున్నాయి.

దానికీ తీగకీ మధ్య నిలబడ్డాను. "ఆపండి!"

మేస్త్రీ చెయ్యెత్తి బండి ఆపించాడు. "ఎవరు చెప్పారు మేడమ్?"

"నేనే."

"పీకమన్నదీ మీరేగా!"

"అవును. ఇప్పుడు వద్దంటున్నాను."

"బాగుంది. ఒకటే అన్నారు, పీకాం. ఇప్పుడు కాదంటున్నారు, మళ్ళీ పాతాలా? పొద్దునో మాట, సాయంత్రమో మాట అయితే నేను ఎవరి మాట వినాలి?"

"సారు వచ్చేదాకా ఆగండి. అంతే అడుగుతున్నా."

బండివాడు ఇంజను కట్టేసి దిగాడు. "అమ్మాయి నిలబడిన చోటు నుంచి కదిలేట్టు లేదు. నేను టీ తాగొస్తా" అని వెళ్ళిపోయాడు. అతనికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

సారు కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చారు. కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఎండిన పిలకని చూపించి, "సార్, నేను ఆకులు ఇక్కడ కోశాను" అన్నాను.

ఆయన వంగి చూశారు. బుడిపె మీద వేలు పెట్టారు, కిందికి జరిపారు. ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. పీకి పడేసిన మొద్దు మీద కూర్చున్నారు.

"పదకొండూనా?"

"పదకొండూ."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ కొలతలు తోటలో ఎక్కడా లేవంటే నాకు మొదట రావాల్సిన ఆలోచన ఇదేనమ్మా" అన్నారు చివరికి. "రాలేదు. పాత రకం దొరికిందన్న ఆశ కళ్ళకి అడ్డం పడింది. పేపరు ఎంతవరకు వచ్చింది?"

"పూర్తయింది సార్. పంపలేదు."

"పంపకు." లేచి మట్టి దులుపుకున్నారు. "పెద్దసారుని ఈ నెలాఖరు దాకా ఆపగలను. ఆయన ఆధారం అడుగుతారు. చలికి రాలిపోయి ఇప్పుడు ఆకు ఒక్కటీ లేదు. ఏం చేస్తావో చెయ్యి."

డిసెంబరు 14

కొమ్మ బెరడు గీకి, దాని కిందున్న పచ్చటి పొరలోంచి డీఎన్‌ఏ తీయొచ్చు. చదివాను. ఎప్పుడూ చేయలేదు. మొత్తం పదకొండుకీ బుడిపెకి బాగా పైనుంచి కొమ్మలు కోసుకొచ్చాను, పీకేసిన నాలుగింటికి కూడా. ప్రతి కోతకీ ముందు వేలితో బుడిపె తడుముకున్నాను. మేస్త్రీ చూసి నవ్వాడు. నవ్వుకోనీ.

డిసెంబరు 16

గోధుమరంగు బురద తప్ప ఏమీ రాలేదు. మెషీన్ అక్క గొట్టం వెలుతురుకి పెట్టి చూసింది. "ఇది డీఎన్‌ఏనా, టీ డికాక్షనా?"

డిసెంబరు 17

డికాక్షనే.

డిసెంబరు 18

నాన్నకి చెప్పేశాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. పేపరు లేదని, ఉద్యోగం రాకపోవచ్చని, తప్పు నాదేనని.

"మరి నేను వీధిలో ఏం చెప్పనే?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. అంతలో అమ్మ గొంతు: "ఇటివ్వండి ఫోను. వీధిలో ఎవరడిగారు మిమ్మల్ని? అడగని వాళ్ళని ఆపి మరీ చెప్పింది మీరేగా. తల్లీ, నువ్వు అన్నం తింటున్నావా?"

"తింటున్నానమ్మా."

"ఆ చెట్లు ఇంకా ఉన్నాయా?"

"ఏడు ఉన్నాయి. నాలుగు పీకేశారు."

"ఏడు ఉన్నాయిగా. మరి ఏడుస్తూ కూర్చుంటే ఎలా?"

డిసెంబరు 20

నాన్న ఫోన్ చేశారు. గొంతు కొంచెం పెద్దది చేసుకుని మాట్లాడారు, పక్కన ఎవరో వింటున్నట్టు.

"చెప్పేశానమ్మా. ల్యాబులో పెద్ద పొరపాటు జరిగితే ఎవరికీ అంతు చిక్కలేదు, మా అమ్మాయే పట్టుకుంది అని చెప్పా."

"నాన్నా, ఆ పొరపాటు చేసింది కూడా నేనే."

"అది వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు."

నవ్వొచ్చింది. ఈ నెలలో మొదటిసారి.

డిసెంబరు 22

బెరడు గీకిన పొడిని ఉప్పు నీళ్ళతో రెండుసార్లు ఎక్కువ కడిగాను. గోధుమరంగు దిగిపోయింది. గొట్టం అడుగున తెల్లగా, దారప్పోగంత. ఊపిరి బిగబట్టి చూశాను, గాలికి ఎగిరిపోతుందన్నట్టు.

డిసెంబరు 26

వచ్చాయి.

సెలవైనా అక్క యంత్రం నడిపింది. ఇద్దరం ఒకే కుర్చీలో సగం సగం కూర్చుని తెర చూశాం. తెర మీద కొండల్లా గీతలు లేస్తాయి, ఒక్కో మార్కరుకి ఒకటో రెండో. మొదటి తీగ. రెండోది మొదటిదానిలా లేదు. మూడోది ఆ రెండింటిలా లేదు. నాలుగోది వచ్చేసరికి అక్క నా చెయ్యి పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా.

పదకొండులో రెండు మాత్రం నిజంగా ఒకటే. మిగతా తొమ్మిదీ దేనికదే. పీకేసిన నాలుగింటిలో ఒకటి మా తోటలో దేనితోనూ కలవడం లేదు.

అలాంటి మాట ఇంతకు ముందూ అన్నాను. అందుకని గంతులు వేయలేదు. ఆ మొద్దు వేరు ముక్క కూడా విడిగా నడిపించాను. వేరు ముక్క వేరుమొక్కతో కలిసింది. కొమ్మ కలవలేదు. మరో కొమ్మ తెచ్చి మొదటి నుంచి చేశాను.

డిసెంబరు 29

అవే గీతలు. ఇతర తోటల కొలతలున్న పెద్ద జాబితాలో సారు స్వయంగా వెతికారు. దాని తల్లి కావచ్చనిపించేది ఒకటి దొరికింది. మా తీగ మాత్రం ఎక్కడా లేదు. దాని రేకు బిళ్ళ మీదున్న పేరు వేరే ద్రాక్షది, ఎవరో ఎప్పుడో తప్పుగా తగిలించారు.

"ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదేం సార్?" అంది మెషీన్ అక్క.

"తుడుచుకునే వచ్చాను" అన్నారు సారు.

డిసెంబరు 30

పెద్దసారు గదిలో నేనే మాట్లాడాను. పాత పట్టిక, కొత్త పట్టిక పక్కపక్కన పెట్టాను. ఆకు ఎక్కడ కోశానో బొమ్మ గీసి చూపించాను.

"అంటే మీ మాట నమ్మి నేను నాలుగు తీగలు పోగొట్టుకున్నాను" అన్నారు.

"అవును సార్."

"ఈ కొత్త మాట ఎందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు సార్. కొమ్మలు మీరే కోయించి, పేర్లు చెప్పకుండా ఇంకో ల్యాబుకి పంపండి."

ఆయన సారు వైపు చూశారు. సారు నేల వైపు చూస్తున్నారు, కానీ నవ్వు దాచుకుంటున్నారు.

జనవరి 19

ఇంకో ల్యాబు నుంచి జవాబొచ్చింది. ప్రతి అంకే కలిసింది. గిడ్డంగిని వాహనాలు నిలిపే వైపుకి జరుపుతున్నారు. ఏడో వరస ఉంటుంది.

జనవరి 23

ఉద్యోగానికి పిలిచిన వాళ్ళలో నా పేరు లేదు.

జనవరి 24

లేదు. అంతే. నా పాత పట్టికని ఇక ఎవరూ నమ్మరు, వసంతంలో తోటంతా మొదటి వరస నుంచి మళ్ళీ ఆకులు కోయాలి. చదువు ఒక ఏడాది వెనక్కి. అమ్మ "మళ్ళీ మొదటి నుంచా?" అంది. "అవునమ్మా" అన్నాను. చెప్పాక అనుకున్నంత బరువుగా లేదు.

ఫిబ్రవరి 6

పీకేసిన తీగల కొమ్మలు ఇన్నాళ్ళూ తడి గోనెలో చుట్టి చల్లగదిలో ఉంచాను. పేరు లేనిదాని కొమ్మలు సగం ఎండిపోయాయి. బాగున్నవి ఏరి మేస్త్రీకి ఇచ్చాను. కొత్త వేరుమొక్కల మీద అంటు కట్టాడు. నాలికలా కోసి, దాన్లో దీన్ని దూర్చి, మైనంలో ముంచి. "పట్టేది అనుమానమే మేడమ్. మరీ ఎండిపోయాయి. వీటి ఖర్మ బాగుండకపోతే నన్ననకండి."

మార్చి 15

ఏమీ లేదు. మైనం, మోడు.

మార్చి 28

నాలుగు అంట్లు నల్లబడ్డాయి.

ఏప్రిల్ 9

ఒకదాని మొగ్గ ఉబ్బింది! బుడిపె పైదే. మూడుసార్లు చూశాను. పైదే.

ఏప్రిల్ 30

తోటంతా ఆకులు కోస్తున్నాం. సారు కూడా వచ్చారు. నా ముందు నడుస్తూ ప్రతి మొదలు దగ్గరా వంగి పిలకలు విరిచేస్తున్నారు. నేను పైన కోస్తున్నాను. "నాకు నడుం నొప్పి, నీకు మెడ నొప్పి. ఇద్దరికీ న్యాయంగానే ఉంది" అన్నారు.

మే 29

ఇవాళ దాన్ని ఏడో వరసలో, పీకిన గుంటలోనే నాటాం. నాలుగాకులతో, నా మోకాలి ఎత్తు కూడా లేదు. మేస్త్రీ గొయ్యి తీశాడు. నేను పట్టుకున్నాను, బుడిపె మట్టిలోకి దిగకుండా. మట్టి పూడ్చి, కాలితో అదిమి, నీళ్ళు పోశాక అతను నడుం మీద చేతులు పెట్టుకుని దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"మేడమ్, ఒక్క మాట. ఈసారి ఉంచినట్టేనా, మళ్ళీ వచ్చి పీకమంటారా?"

"ఉంచినట్టే."

"నోటి మాట నాకొద్దు. మీ నోటి మాటకి ఎంత పనైందో చూశాం. రాసివ్వండి."

బండివాడు దూరంగా నవ్వుతున్నాడు. మేస్త్రీ నవ్వడం లేదు. జేబులోంచి కొత్త రేకు బిళ్ళ, మేకు తీసి నా చేతిలో పెట్టాడు.

మొద్దు మీద కూర్చుని మేకుతో గీశాను. మా నాన్న బోర్డు రాసేటప్పుడు అక్షరాలు గుండ్రంగా రావడానికి నాలుక కొరుక్కుంటారు. నేనూ కొరుక్కున్నాను. పైన వరస, చోటు. కింద పేరు దగ్గర ఆగాను. తరవాత రాశాను:

పేరు ఇంకా తెలీదు. పీకొద్దు.

కింద నా సంతకం పెట్టాను. మేస్త్రీ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు, తల ఊపాడు, బిళ్ళని తీగకి కట్టాడు. అంటుకి పైనే.